ఊపిరి చూస్తే చాలన్న డాక్టర్: ఎడ్వర్డ్ లారీ, హైదరాబాద్ క్లోరోఫాం కథ

ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో కోత కన్నా మత్తు మీదే భయం ఎక్కువ. శ్రీకాకుళం నుంచి వెళ్లి భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన కుటుంబం సెక్టార్-9 ఆసుపత్రి వరండాలో ఎదురుచూస్తున్నా, హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నా మత్తు డాక్టర్ కనబడగానే అడిగేది ఒకటే: మనిషి మళ్లీ లేస్తాడు కదా అని. ఆ సమయానికి లోపల బల్ల పక్కన ఒక తెర మీద గీతలు పరుగెడుతూ ఉంటాయి. ఒక గీత గుండెది, ఒకటి ఊపిరిది. రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ అంకెలు ఆ పక్కనే ఉంటాయి. మత్తు డాక్టర్ కన్ను వీటన్నిటి మీదా ఉండాలి.

ఇవన్నీ చూడాలన్నది ఈరోజు చర్చ అక్కర్లేని విషయం. పందొమ్మిదో శతాబ్దంలో మాత్రం దీని మీదే వైద్య ప్రపంచం రెండుగా చీలింది. మత్తులో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? డాక్టర్ దేన్ని కనిపెట్టుకుని ఉండాలి? ఈ తగాదాలో ఒక పక్షానికి రాజధాని లండన్ కాదు, హైదరాబాద్. ఆ పక్షానికి నాయకుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఇప్పటికీ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో ప్రాణాలు కాపాడుతోంది. మిగతా సగం పొరపాటు. దాన్ని ఆయన చివరిదాకా వదల్లేదు.

1846: మూడు సంఘటనలు

లారీ పుట్టింది 1846లో. అదే ఏడాది అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగికి ఈథర్ పీల్పించి, నొప్పి తెలియని శస్త్రచికిత్స సాధ్యమేనని అందరి ముందూ చూపించాడు. అదే ఏడాది హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడి ఆధ్వర్యంలో ఒక వైద్య పాఠశాల మొదలైంది. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. ఈ మూడు దారులూ నలభై ఏళ్ల తర్వాత ఒకచోట కలిశాయి.

1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రసవాల్లో వాడటం మొదలుపెట్టాడు. ఈథర్‌తో పోలిస్తే దీనికి సుగుణాలు కనిపించాయి. వాసన తియ్యగా ఉంటుంది. కొద్ది చుక్కలు చాలు, మత్తు త్వరగా ఎక్కుతుంది. నిప్పు అంటుకోదు. ఈథర్ దాదాపు 35 డిగ్రీలకే మరిగిపోతుంది. మన వేసవిలో అలాంటి ద్రవాన్ని సీసాలో నిలిపి ఉంచడమే కష్టం. అందుకే భారతదేశంలో క్లోరోఫాం త్వరగా పాతుకుపోయింది.

కానీ ఏడాది తిరగకముందే చీకటి కోణం బయటపడింది. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. నిమిషాల్లో చనిపోయింది. ప్రాణాపాయమే లేని చిన్న చికిత్స, ఆరోగ్యంగా ఉన్న పిల్ల. ఆ తర్వాత ఇలాంటి మరణాలు ఒక్కొక్కటిగా నమోదవుతూ వచ్చాయి. సుమారు మూడు వేల మందికి ఒకరన్నది ఆ కాలంలో వినిపించిన అంచనా.

కారణం దగ్గరే పేచీ వచ్చింది. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చిన జాన్ స్నో, మోతాదు లెక్కలు కట్టి చూసి, ఆవిరి ఒక్కసారిగా ఎక్కువైతే గుండె ఆగిపోతుందని అన్నాడు. నాడి చూస్తూ ఉండాలన్నది లండన్ వైద్యుల పద్ధతి. ఎడిన్‌బరో శస్త్రచికిత్సకుడు జేమ్స్ సైమ్ దీనికి పూర్తిగా ఎదురు. ఊపిరి చూడండి చాలు, నాడి పట్టుకుని కూర్చుంటే దృష్టి మళ్లుతుంది, ప్రమాదం అక్కడే వస్తుంది అన్నది ఆయన బోధన. ఎడిన్‌బరోలో చదువుకున్న లారీ ఈ సైమ్‌కు శిష్యుడు. గురువు చెప్పిన మాట ఆయనకు జీవితకాలపు నమ్మకమైంది.

చాదర్‌ఘాట్ నుంచి ఒక సవాలు

భారత వైద్య సర్వీసులో చేరి, లాహోర్‌లో శస్త్రచికిత్స ఆచార్యుడిగా పనిచేసిన లారీ 1885లో హైదరాబాద్ వచ్చారు. చాదర్‌ఘాట్‌లోని రెసిడెన్సీకి సర్జన్ ఆయనే. వైద్య పాఠశాలకు అధిపతి కూడా ఆయనే. అప్పటిదాకా ఉర్దూలో సాగిన బోధనను ఇంగ్లిష్‌కు మార్చారు. ఆడపిల్లలను పాఠశాలలో చేర్చుకున్నారు. పరదా పాటించే ఇళ్లున్న నగరంలో స్త్రీలకు వైద్యం అందాలంటే వైద్యం తెలిసిన స్త్రీలు కావాలన్నది తేలికగా అర్థమయ్యే అవసరమే అయినా, 1880లలో దాన్ని ఆచరణలో పెట్టినవాళ్లు తక్కువ.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన పద్ధతి సూటిగా ఉండేది. గుడ్డతో చేసిన టోపీలాంటి దానిలో దూది పెట్టి, దాని మీద క్లోరోఫాం పోసి, గాలి ఆడేలా రోగి ముఖానికి అందిస్తారు. మత్తు ఇచ్చే విద్యార్థికి వేరే పని ఉండదు. శస్త్రచికిత్స వైపు చూడకూడదు, నాడి ముట్టుకోకూడదు. రోగి ఛాతీ, పొట్ట లయగా కదులుతున్నాయా, గాలి సాఫీగా ఆడుతోందా అన్నదే చూడాలి. ఊపిరి బిగబట్టినా, గురక పెట్టినా, తడబడినా వెంటనే టోపీ తీసేయాలి. కంటి మీద వేలు తాకిస్తే రెప్ప కదలడం ఆగిందంటే మత్తు సరిపోయినట్టు, ఇక పోయకూడదు.

ఈ క్రమశిక్షణతో వేలాది మందికి క్లోరోఫాం ఇచ్చామని, ఒక్క మరణమూ లేదని లారీ ప్రకటించారు. ఇంగ్లండ్‌లో మరణాలు ఎందుకు? అక్కడివాళ్లు ఊపిరి వదిలేసి నాడి చూస్తున్నారు కాబట్టి. ఆయన వాదన అక్కడితో ఆగలేదు. క్లోరోఫాం గుండెను నేరుగా ఎప్పుడూ ఆపదు, ముందు ఆగేది ఊపిరే, ఊపిరి ఆగాక ఆక్సిజన్ అందక గుండె ఆగుతుంది అన్నారు. మొదటి మాట ఒక ఆసుపత్రి అనుభవం. రెండోది ప్రకృతి నియమం గురించిన ప్రకటన. ఒకదాని నుంచి ఇంకోదానికి దూకడం దగ్గరే కథంతా ఉంది.

రెండు కమిషన్లు

1888లో లారీ మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పాటు చేశారు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. వందకు పైగా వీధికుక్కలకు ఊపిరి ఆగేదాకా క్లోరోఫాం ఇచ్చి చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, గుండె ఆ తర్వాత కొంతసేపు కొట్టుకుంటూనే ఉంది. సైమ్ చెప్పిందే నిజమని కమిషన్ తేల్చింది.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక దీన్ని ఒప్పుకోలేదు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున గ్లాస్గోలో పనిచేసిన కమిటీ అంతకు ముందే, 1880 ప్రాంతంలో, క్లోరోఫాం గుండెను బలహీనపరుస్తుందని, రక్తపోటు పడిపోతుందని చెప్పి ఉంది. దానికి విరుద్ధంగా ఎక్కడో సంస్థానంలో జరిగిన ప్రయోగాలను ఎలా నమ్మాలి? లారీ వెనక్కి తగ్గలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తానని, లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుణ్ణి పంపి హైదరాబాద్‌లోనే ప్రయోగాలు మళ్లీ చేయించుకోవచ్చని కబురు వెళ్లింది. సైన్స్ తగాదా తేల్చడానికి ఒక భారతీయ పాలకుడు ఐరోపా నిపుణుణ్ణి సొంత ఖర్చుతో పిలిపించడం ఆ రోజుల్లో అరుదైన విషయం.

లాన్సెట్ పంపిన మనిషి సామాన్యుడు కాదు. థామస్ లాడర్ బ్రంటన్ లండన్ సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో ఔషధశాస్త్ర నిపుణుడు. గుండె నొప్పికి ఎమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించి పేరు తెచ్చుకున్నాడు. క్లోరోఫాం గుండెను దెబ్బతీస్తుందన్న అభిప్రాయంతోనే ఆయన ఓడ ఎక్కాడు.

1889 చివరి నెలల్లో రెండో కమిషన్ పని సాగింది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు. రక్తపోటును కొలిచే మానోమీటర్ గీసిన గీతలను ఫొటోలు తీసి భద్రపరిచారు. డిసెంబర్‌లో బ్రంటన్ లండన్‌కు తంతి పంపేనాటికి దాదాపు 490 జంతువులు అయిపోయాయి. అందులో 120 మానోమీటర్ పెట్టి చూసినవి. తంతి సారాంశం లారీకి విజయం: ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లనో, మోతాదు మించడం వల్లనో వచ్చేదే, గుండె మీద నేరుగా ఏమీ లేదు. వ్యతిరేకించడానికి వచ్చిన మనిషి ఒప్పుకుని వెళ్లాడు. 1890లో వివరమైన నివేదిక లాన్సెట్‌లో అచ్చయింది. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నిటా మారుమోగింది.

ఆ గీతల్లో ఒక విషయం కనిపిస్తూనే ఉంది. క్లోరోఫాం ఇస్తున్నకొద్దీ రక్తపోటు పడిపోతోంది. కమిషన్ దాన్ని దాచలేదు కానీ, దానికి ఇచ్చిన అర్థం వేరు. రక్తపోటు తగ్గితే మెదడుకు చేరే క్లోరోఫాం తగ్గుతుంది కనుక అది శరీరం చేసుకునే ఆత్మరక్షణే అన్నారు. గుండెకు తగిలిన దెబ్బకు సాక్ష్యం కాగలిగినది అలా గుండె క్షేమానికి సాక్ష్యమైపోయింది.

మెదడులో ఏం జరుగుతుంది, గుండెలో ఏం జరుగుతుంది

ఈరోజు మనకు తెలిసిన దాన్నిబట్టి చూస్తే లారీ ఎక్కడ ఒప్పో ఎక్కడ తప్పో స్పష్టంగా తెలుస్తుంది.

క్లోరోఫాం లాంటి మందులు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరతాయి. నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే ద్వారాల మీద అవి పనిచేస్తాయి. మెదడులో ఉద్రేకాన్ని అణిచే ప్రధాన రసాయనం గాబా. మత్తు మందుల్లో చాలావాటి సమక్షంలో గాబా గ్రాహకాలు మామూలు కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి, కణం చప్పబడుతుంది. క్లోరోఫాం కణాల్లోని కొన్ని పొటాషియం ద్వారాలను కూడా తెరుస్తుంది, దానితో కణం ఇంకా నెమ్మదిస్తుంది. ముందు స్పృహ, జ్ఞాపకం పోతాయి. మోతాదు పెరిగేకొద్దీ వెన్నుపాము స్పందనలు అణిగిపోతాయి. చివరికి మెదడు కింది భాగమైన మెడుల్లాలో ఊపిరిని నడిపించే కేంద్రం మూగబోతుంది. అందుకే మోతాదు మెల్లగా మించినప్పుడు ముందు ఆగేది ఊపిరే. లారీ వందల జంతువుల్లో చూసింది ఇదే. అది అబద్ధం కాదు.

కానీ గుండె కండరంలోనూ ఇలాంటి ద్వారాలే ఉన్నాయి. క్లోరోఫాం గుండె బలాన్ని నేరుగా తగ్గిస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి. క్లోరోఫాం ఎక్కిన గుండె అడ్రినలిన్‌కు మితిమీరి స్పందిస్తుంది. భయపడినప్పుడు, పెనుగులాడినప్పుడు, మత్తు సరిగా ఎక్కకముందే కత్తి తగిలినప్పుడు శరీరంలో అడ్రినలిన్ ఉప్పెనలా వస్తుంది. ఆ క్షణంలో గుండె కింది గదులు లయ తప్పి పురుగుల్లా వణకడం మొదలుపెడతాయి. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. రక్తప్రసరణ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఊపిరి ఇంకా కొన్ని క్షణాలు ఆడుతూ ఉండవచ్చు కూడా.

అంటే అతి ఎక్కువ మత్తులో ఊపిరి ముందు ఆగుతుంది. అతి తక్కువ మత్తులో గుండె ముందు ఆగవచ్చు. హన్నా గ్రీనర్ లాంటి పిల్లలు, మొదటి నిమిషాల్లో, చిన్న చికిత్సకు, భయంతో పెనుగులాడుతూ పోయారంటే దానికి ఇది సరిపోయే వివరణ.

హైదరాబాద్ ప్రయోగాల్లో ఇది ఎందుకు దొరకలేదు? వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. ఊపిరి ఆగేదాకా క్లోరోఫాం ఇస్తూ పోతే ఏది ముందు ఆగుతుందని చూశారు. లోతైన మత్తులో ఫిబ్రిలేషన్ రావడం అరుదు. పైగా ఈ వణుకు శవపరీక్షలో ఏ గుర్తూ వదలదు. గుండె విద్యుత్తును గీతగా చూపే ఈసీజీ అప్పటికి లేదు. ఎన్ని వందల జంతువులు బలైనా అడగని ప్రశ్నకు జవాబు రాదు.

నివేదిక తర్వాత

విజయం ఎక్కువ కాలం నిలవలేదు. 1893లో కేంబ్రిడ్జ్‌కు చెందిన గాస్కెల్, షోర్ ఒక జంతువు మెదడుకు వేరే జంతువు రక్తం అందేలా అమర్చి, క్లోరోఫాం మెదడుకు చేరినప్పుడు ఏమవుతుందో, గుండెకు చేరినప్పుడు ఏమవుతుందో విడివిడిగా పరీక్షించారు. రక్తపోటు పడిపోవడానికి కారణం ప్రధానంగా గుండె మీద నేరుగా పడే ప్రభావమేనని చెప్పారు. లారీ ఒప్పుకోలేదు. పత్రికల్లో వాదిస్తూనే ఉన్నారు.

చివరి మాట 1911లో వచ్చింది. గుడ్‌మన్ లెవీ అనే లండన్ వైద్యుడు పిల్లులకు కొద్దిపాటి క్లోరోఫాం మాత్రమే ఇచ్చి, కొద్దిగా అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె వెంటనే ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లి ఆగిపోయింది. మత్తు లోతుగా ఉన్నప్పుడు కాదు, తేలికగా ఉన్నప్పుడే ఇది జరిగింది. 1848 నుంచి వేధిస్తున్న చిక్కుముడి విడిపోయింది. 1901లో హైదరాబాద్ విడిచి వెళ్లిన లారీ అప్పటికి బతికే ఉన్నారు. 1915లో కన్నుమూశారు.

ఈ మధ్యకాలంలో ఆయన నివేదిక చేసిన మేలెంత, కీడెంత? ఊపిరి మీద కన్ను తీయకూడదన్న పాఠం ఎంతోమందిని కాపాడే ఉంటుంది. క్లోరోఫాం గుండెకు క్షేమమేనన్న భరోసా మాత్రం దాన్ని వదిలేయాల్సినవాళ్ల చేతుల్లో ఇంకొన్నేళ్లు నిలిపింది. మరణం జరిగితే మందుది తప్పు కాదు, ఇచ్చినవాడు ఊపిరి చూడలేదు అనడానికి ఈ నివేదిక ఆధారమైంది. తప్పు మందులో ఉన్నప్పుడు ఆ నింద మోసిన మత్తు డాక్టర్లు ఉంటారు. జవాబు దొరకని కుటుంబాలు ఉంటాయి.

ఇందులో వంచన లేదు. లారీ తన డబ్బా కొట్టుకోవడానికి లెక్కలు మార్చలేదు, శత్రుపక్షం నిపుణుణ్ణే పిలిపించి పరీక్షకు నిలబడ్డారు. ఆయన లోపం వేరే చోట ఉంది. సిద్ధాంతం కట్టింది ఆయనే, ప్రయోగం రూపొందించింది ఆయనే, కమిషన్‌కు అధ్యక్షుడూ ఆయనే. అనుకూలమైనదంతా రుజువు అయింది, ప్రతికూలమైనది ఆత్మరక్షణ అయింది. నిజాయితీ ఉన్నంత మాత్రాన పొరపాటు నుంచి రక్షణ దొరకదని ఇంతకన్నా మంచి ఉదాహరణ తేలికగా దొరకదు.

మిగిలింది

కమిషన్ గదిలో ఇంకొకరు ఉండేవారు. రూపాబాయి ఫర్దూన్‌జీ. హైదరాబాద్ పార్సీ కుటుంబపు అమ్మాయి. లారీ చేర్చుకున్న తొలి విద్యార్థినుల్లో ఒకరు, 1889లో చదువు పూర్తిచేశారు. క్లోరోఫాం ఇవ్వడంలో లారీ దగ్గర శిక్షణ పొంది, తర్వాత ఏళ్ల తరబడి హైదరాబాద్ ఆసుపత్రుల్లో అదే పని చేశారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి, మత్తు మందుల వెనకున్న భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి వచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్ ఆమేనని ఈరోజు చాలామంది చెబుతారు. లారీ పెట్టిన సిద్ధాంతం కూలిపోయింది. ఆయన తెరిచిన తలుపులోంచి నడిచివచ్చినవాళ్లు నిలిచారు.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో పోయింది. ఆ తర్వాత నది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచింది. క్లోరోఫాం ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలో కనబడదు. దాని స్థానంలో వచ్చిన మందులు మెదడు మీద చేసే పని చాలావరకు అదే, గుండెకు చేసే హాని మాత్రం బాగా తక్కువ.

భిలాయిలోనైనా హైదరాబాద్‌లోనైనా మత్తు డాక్టర్ ఈరోజు ఆపరేషన్‌కు ముందు రోగి దగ్గరికి వచ్చి కాసేపు మాట్లాడతారు, భయం తగ్గిస్తారు, అవసరమైతే ఒక మందు ముందే ఇస్తారు. అది మర్యాద కోసమే కాదు. భయపడిన గుండెలో అడ్రినలిన్ ఏం చేయగలదో వైద్యం నేర్చుకున్న పాఠం అందులో ఉంది. లోపల బల్ల పక్కన తెర మీద ఊపిరి గీత లారీ గెలిచిన సగం. దాని పక్కనే పరుగెత్తే గుండె గీత ఆయన ఓడిపోయిన సగం. మనిషి మళ్లీ లేవాలంటే రెండూ కావాలి.